గ్లాసున్నర మైదా

అమ్మ నోట్‌బుక్‌లో కేక్ గురించి ఉన్నది ఆరే ఆరు ముక్కలు.

గ్లాసున్నర మైదా. గ్లాసు పంచదార పొడి. గుడ్లు మూడు. వెన్న తగినంత. వంట సోడా చిటికెడు. కుక్కర్లో ఇసుక పోసి సన్న సెగ మీద, అయ్యేదాకా.

తారీకు లేదు. ఎవరు చెప్పారో లేదు. ఎదురు పేజీలో పాలవాడి లెక్క ఉంది. అమ్మ పోయి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో ఆ కేక్ నేను మూడుసార్లు చేశాను. మొదటిది ఇటుకలా వచ్చింది. రెండోది పైకి లేచినట్టే లేచి, నడుమ గుంట పడిపోయింది. మూడోది చూడ్డానికి బానే ఉంది గానీ నోట్లో పెట్టుకుంటే సబ్బు వాసన. మా ఆవిడ మొహమాటానికి రెండు ముక్కలు తిని, మూడో ముక్కకి మాత్రం నిజం చెప్పేసింది.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. ఎవరో రాసిన ప్రోగ్రామ్ వాళ్ళ కంప్యూటర్లో పనిచేసి నా కంప్యూటర్లో పనిచేయకపోతే ఏం చూడాలో నాకు తెలుసు. వాళ్ళ దగ్గర ఉండి, నా దగ్గర లేనిదేదో వెతకాలి. ఇక్కడ మొదటి లైన్లోనే చిక్కు. ఏ గ్లాసు? మా ఇంట్లో అప్పట్లో నాలుగు రకాల స్టీలు గ్లాసులుండేవి. ఇప్పుడు అందులో ఒక్కటీ లేదు.

పోయిన ఏడాది నా పుట్టినరోజుకి ఒక స్నేహితుడు రోజ్ లెవీ బెరన్‌బామ్ రాసిన 'ది కేక్ బైబిల్' ఇచ్చాడు. 1988లో మొదటిసారి వచ్చిన పుస్తకం. ముప్ఫయ్యైదేళ్ళ సందర్భంగా తిరగరాసి 2024లో మళ్ళీ వేశారు. అందులో ప్రతి కేక్‌కీ ఒక పట్టిక ఉంటుంది. ఏ వస్తువు ఎన్ని కప్పులో ఒక గడిలో, అదే వస్తువు ఎన్ని గ్రాములో మరో గడిలో. మొదటి ఆదివారం భయపడుతూనే ఒక మామూలు బటర్ కేక్ చేశాను. మొదటిసారికే కుదిరింది. ఆ తర్వాత నన్నెవరూ ఆపలేకపోయారు. అరటిపండు బ్రెడ్, నిమ్మకాయ కేక్, బిస్కట్లు. సోమవారం ఆఫీసులో నా డెస్క్ చుట్టూ జనం పెరిగారు. బజారు కేకుల పెట్టె మా ఇంటికి రావడం దాదాపు మానేసింది. వేడి కేక్‌ని జాలీ మీదకి బోర్లించి, అది టిన్ను వదిలే చిన్న చప్పుడు కోసం ఎదురుచూడటంలో ఉన్న సుఖం ముప్ఫై నాలుగేళ్ళు వచ్చేదాకా నాకు తెలియదు.

కానీ ఆ సుఖంలో ఒక ముల్లు ఉంది. అమెరికాలో ఎక్కడో ఉన్న, నేనెప్పుడూ చూడని మనిషి చెప్పిన కేక్ నాకు మొదటిసారే వచ్చింది. పాతికేళ్ళు నాకు అన్నం పెట్టిన మనిషి చెప్పిన కేక్ మూడుసార్లయినా రాలేదు. ఎందుకు?

పుస్తకం చదివితే దాని గురించి నాలుగు ముక్కలు రాయకుండా ఉండలేని జబ్బు నాకుంది. ఈసారి సమీక్ష రాద్దామని కూర్చుంటే ఆ ప్రశ్న అడ్డొచ్చింది. దాన్ని పట్టుకుని వంట పుస్తకాల చరిత్రలోకి వెళ్ళాను.

చేతి గంట

1747లో లండన్‌లో 'ది ఆర్ట్ ఆఫ్ కుకరీ' అనే పుస్తకం వచ్చింది. అట్ట మీద రచయిత పేరు లేదు, 'ఒక మహిళ' అని మాత్రమే ఉంది. ఆమె హన్నా గ్లాస్. అందులో పౌండ్ కేక్ ఉంది. పౌను వెన్న, పౌను పిండి, పౌను పంచదార, పన్నెండు గుడ్లు. ఇది కొలతే, అందులోనూ తూకం. గుర్తుపెట్టుకోవడం కూడా తేలిక. అయితే ఆ పిండిని చేత్తోనో, పెద్ద చెక్క గరిటెతోనో గంటసేపు గిలక్కొట్టమంటుంది ఆవిడ. సోడా, బేకింగ్ పౌడర్ ఇంకా వంటింటికి రాలేదు. కేక్ లేవాలంటే అందులోకి గాలి వెళ్ళాలి, ఆ గాలిని మనిషి భుజమే తోయాలి. గంట అంటే ఎవరి గంట? యజమానురాలిదా, పనిమనిషిదా? ఆ పుస్తకం పనిమనుషుల కోసమే రాశానని హన్నా గ్లాస్ ముందుమాటలోనే చెప్పింది.

పొయ్యి సంగతి ఇంకా కష్టం. అప్పటి పొయ్యిలకి డిగ్రీలు లేవు. వేడి చాలిందో లేదో తెలుసుకోవాలంటే లోపల చెయ్యి పెట్టి ఎన్ని అంకెలు లెక్కపెట్టేదాకా తట్టుకోగలమో చూసేవారు. కాస్త పిండి చల్లి అది ఎంతసేపట్లో ఎర్రబడుతుందో చూసేవారు.

ఇది చదివి మనవాళ్ళు నవ్వక్కర్లేదు. అరిసెల పాకం మనమూ అలాగే చూస్తాం. బెల్లం మరుగుతుంటే ఒక చుక్క చల్లటి నీళ్ళలో వేసి, వేళ్ళ మధ్య ఉండ అవుతుందా, జారిపోతుందా అని నలిపి చూస్తాం. మెత్తటి ఉండ అయ్యే ఆ క్షణాన థర్మామీటర్ పెడితే సుమారు 115 డిగ్రీలు చూపిస్తుంది. మా అమ్మమ్మకి సెల్సియస్ అంటే ఏమిటో తెలీదు గానీ 115కీ 120కీ తేడా మాత్రం వేలి చివర తెలుసు.

అయితే ఒక తేడా ఉంది. పాకం మన కళ్ళెదుట ఉంటుంది, తేడా వస్తే కాసిని నీళ్ళు పోసి మళ్ళీ మరిగించొచ్చు. పులుసులో ఉప్పు తగ్గితే వేస్తాం, ఎక్కువైతే ఇంకో ముక్క వేస్తాం. మన వంటలో చాలా భాగం అలా రుచి చూసుకుంటూ దిద్దుకునేదే. కేక్‌కి ఆ వీలు లేదు. పొయ్యి తలుపు మూశాక చేసేదేమీ ఉండదు. పావుగంట తర్వాత తప్పు తెలిసినా అప్పటికి పిండి గట్టిపడిపోయింది. దిద్దుకునే అవకాశం లేని చోట ముందే అన్నీ సరిగ్గా ఉండాలి. వంటలన్నింట్లోకీ బేకింగ్ అంకెలకి ఇంతగా కట్టుబడటానికి కారణం అదే.

అనాథ పుస్తకం

1796లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో యాభై పేజీలు కూడా లేని ఒక పుస్తకం అచ్చయింది. పేరు 'అమెరికన్ కుకరీ'. అమెరికన్ రాసి, అమెరికాలో అచ్చయిన మొదటి వంట పుస్తకంగా దాన్ని లెక్కిస్తారు. రాసినామె అమీలియా సిమన్స్. ఆమె గురించి మనకు తెలిసింది చాలా తక్కువ. కానీ అట్ట మీద తన పేరు కింద ఆమె వేయించుకున్న మాట ఒకటుంది. 'ఒక అమెరికన్ అనాథ'.

ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. వంట పుస్తకం అట్ట మీద ఎవరైనా ఏం వేసుకుంటారు? ఫలానా దొరగారి వంటమనిషి అనో, ఫలానా ఇంటి కోడలు అనో. ఈమె తనకెవరూ లేరని వేసుకుంది. అమ్మానాన్నలు లేక ఇతరుల ఇళ్ళల్లో పనిచేసుకుంటూ బతకాల్సిన ఆడపిల్లలకి ఈ విద్య పనికొస్తుందని ముందుమాటలో రాసింది.

ఆ పుస్తకంతోపాటు వచ్చిన తప్పొప్పుల పట్టికలో ఇంకో విషయం ఉంది. తనకి అచ్చుకి రాసిచ్చేంత చదువు లేదట. రాసిపెట్టమని వేరొకరికి అప్పగిస్తే, వాళ్ళు కొన్ని వంటల్లో ముఖ్యమైనవి వదిలేసి, ఇంకేవేవో చేర్చి పాడుచేశారట. అంటే ఆ మొదటి పుస్తకంలోనే చేతికీ కాగితానికీ మధ్య ఏదో జారిపోయింది. అది ఏమిటో చెయ్యి ఉన్నామెకే తెలుసు.

కేకుల చరిత్రలో ఆ పుస్తకానికి ఇంకో చోటు కూడా ఉంది. కొన్ని వంటల్లో పర్ల్‌యాష్ వాడమంటుంది. కర్ర బూడిదని కడిగి, కాచి, శుద్ధి చేస్తే వచ్చే తెల్లటి క్షారం. పులిసిన పాలలాంటి వాటితో కలిస్తే అది బొగ్గుపులుసు వాయువుని వదిలి పిండిని పొంగిస్తుంది. అమెరికా ప్రభుత్వం 1790లో ఇచ్చిన మొట్టమొదటి పేటెంటు పర్ల్‌యాష్, పొటాష్‌ల తయారీ పద్ధతికే. దాని మీద జార్జి వాషింగ్టన్ సంతకం ఉంది. హన్నా గ్లాస్ అడిగిన గంటసేపటి భుజబలాన్ని గుప్పెడు బూడిద తగ్గించడం మొదలుపెట్టింది.

చిటికెడు ఎంత

పర్ల్‌యాష్ తర్వాత సోడా వచ్చింది. ఇది వచ్చాకే కొలత నిజంగా కీలకమైంది. మైదా ఒక గుప్పెడు ఎక్కువైతే కేక్ కాస్త గట్టిపడుతుంది, అంతే. సోడా అర చెంచా ఎక్కువైతే కేక్ మొత్తం పారేయాలి. సోడా క్షారం, దానికి సరిపడా పులుపు తగలాలి. పెరుగో, మజ్జిగో, నిమ్మరసమో. పులుపు చాలకపోతే మిగిలిపోయిన సోడా వేడికి మారి సబ్బు రుచి ఇస్తుంది. నా మూడో కేక్‌కి జరిగింది అదే. ఇది చదివిన రోజు అమ్మ ఆరు లైన్లూ మళ్ళీ తీసి చూశాను. సోడా ఉంది. పులుపు ఎక్కడా లేదు. ఆ సంగతి మనసులో పెట్టుకున్నాను.

సోడాకి కావలసిన పులుపుని కూడా పొడి రూపంలో అందులోనే కలిపేస్తే బేకింగ్ పౌడర్. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే మందుల దుకాణదారు 1843లో ఒక రకం తయారుచేశాడు. ఆయన భార్య ఎలిజబెత్‌కి ఈస్ట్ పడదు. ఆమెకి గుడ్లూ పడవు కాబట్టి అంతకుముందు, 1837లో, గుడ్లు లేని కస్టర్డ్ పొడి కూడా చేశాడు. మన పెళ్ళిళ్ళ ఫ్రూట్ సలాడ్‌లో వేసే పసుపుపచ్చ కస్టర్డ్‌కి మూలం ఆ ఇంటి వంటగదే. ఇలా ఒక మనిషి ఒంటికి పడని దాన్ని తప్పించడానికి మొదలైన పొడులు లక్షల ఇళ్ళకి చేరాయి.

కొలతల్ని పుస్తకంలో ఒక పద్ధతిలో పెట్టినామె ఎలైజా ఆక్టన్. ఆమె కవయిత్రి, 1826లో ఆమె కవితా సంపుటి వచ్చింది. 1845లో వచ్చిన ఆమె 'మోడర్న్ కుకరీ'లో ప్రతి వంట చివరా ఏ సరుకు ఎంత, ఎంతసేపు అన్నది విడిగా ఇచ్చింది. ఇవాళ మనకిది ఎంత మామూలుగా అనిపిస్తుందంటే, ఒకరు కనిపెట్టాల్సి వచ్చిందంటేనే ఆశ్చర్యం. అంతకుముందు వంట అంటే ఒక పేరా. ఉప్పు ఎంతో తెలియాలంటే పేరా మొత్తం వెతుక్కోవాలి. 1861లో ఇసబెల్లా బీటన్ ఆ జాబితాని పైకి తెచ్చింది, ఇప్పటికీ అది అక్కడే ఉంది. ఆక్టన్ వంటలు చాలా వాటిని కూడా బీటన్ తన పుస్తకంలోకి తీసుకుంది, ఆక్టన్ పేరు మాత్రం తీసుకోలేదు. బీటన్ పేరు వంట పుస్తకానికే మారుపేరయింది. ఆమె ఇరవై ఎనిమిదేళ్ళకే ప్రసవం తర్వాత చనిపోయింది కాబట్టి ఆ పేరుని ఎక్కువకాలం అనుభవించలేదు.

అంచుదాకా, కత్తితో చదును చేసి

ఇక బాస్టన్. ఫానీ ఫార్మర్ 1857లో పుట్టింది. పదహారేళ్ళకి పక్షవాతంలాంటి జబ్బు చేసి మంచం పట్టింది, చదువు ఆగిపోయింది. కొన్నేళ్ళు నడవలేకపోయింది. తర్వాత కుంటుతూనే లేచి, ఒకరి ఇంట్లో పనికి కుదిరి, ముప్ఫై దాటాక బాస్టన్ వంట బడి నుంచి పట్టా తీసుకుని, ఆ బడికే ప్రిన్సిపాల్ అయింది. 1896లో ఆమె పుస్తకం వచ్చింది. లిటిల్ బ్రౌన్ ప్రచురణ సంస్థకి నమ్మకం కుదరక మూడు వేల కాపీలే వేసింది, అవీ ఆమె ఖర్చుతోనే. తర్వాత ఆ పుస్తకం లక్షల్లో అమ్ముడుపోయింది.

ఆమె పట్టుబట్టింది ఒక్క విషయం మీద. కప్పు అంటే ఒకే సైజు కప్పు, చెంచా అంటే ఒకే సైజు చెంచా. నింపి, కత్తి అంచుతో పైన చదును చెయ్యాలి. గోపురంలా పోసిన చెంచా లెక్కలోకి రాదు. ఆమెకి ముందే అదే బడిలో పాఠాలు చెప్పిన మేరీ లింకన్ 1884లోనే కొలతల గురించి రాసింది కాబట్టి మొత్తం ఘనత ఫార్మర్‌దే అనలేం. కానీ ఆ చదునుని ఇంటింటికీ తీసుకెళ్ళింది ఫార్మరే. చివరి రోజుల్లో చక్రాల కుర్చీలో కూర్చుని కూడా వంట పాఠాలు చెప్పింది. రోగులకి వండాల్సిన తిండి మీద 1904లో విడిగా ఒక పుస్తకం రాసింది.

ఆమె చదునులోనూ ఒక లొసుగు ఉంది. మైదాని డబ్బాలో కప్పు ముంచి తీస్తే ఒక బరువు, చెంచాతో కప్పులోకి రాలిస్తే ఇంకో బరువు. నా తక్కెడ మీద ఒకే కప్పు ఒకసారి 122 గ్రాములు, ఇంకోసారి 149 గ్రాములు చూపించింది. రెండుసార్లూ కత్తితో చదును చేసినవే. 'కేక్ బైబిల్' గ్రాముల గడి అవసరం అక్కడే. పొయ్యి వేడి సంగతి కూడా అప్పటికి తేలలేదు. బ్రిటన్‌లో 1923లో వచ్చిన రెగ్యులో లాంటి నియంత్రణలతోనే వేడి కూడా పుస్తకంలో రాయగలిగే అంకె అయింది. పొయ్యిలో చెయ్యి పెట్టి లెక్కపెట్టే పని అప్పటికి తప్పింది.

ఇక్కడిదాకా వచ్చాక నా ఆలోచన తిరగబడింది. అందరిలాగే నేనూ అనుకునేవాణ్ణి, గ్రాములు యంత్రాల భాష, 'తగినంత' అనేది అమ్మ భాష అని. ఇంటర్నెట్‌లో దీని మీద బోలెడన్ని కన్నీటి పోస్టులుంటాయి. నేనూ ఒకటి రాసే ఉంటాను. కానీ 'తగినంత' అన్న మాట ఎవరికి పనికొస్తుంది? పక్కన అమ్మ నిలబడి, చాల్లే ఆపు, అని చెయ్యి పట్టుకుంటే పనికొస్తుంది. ఆ చెయ్యి లేనివాడికి అది మూసిన తలుపు. కొలతల పుస్తకాలు రాసిన వాళ్ళు ఎవరు, ఎవరికోసం రాశారో చూడండి. అనాథ అని అట్ట మీద వేసుకున్నామె, రాసుకుంది తనలాంటి పిల్లల కోసం. మంచం మీద నుంచి లేచినామె, రోగుల తిండి గురించి పాఠాలు చెప్పింది. ఆక్టన్ తన పుస్తకాన్ని కొత్తగా సంసారం మొదలుపెట్టే ఇంగ్లండ్ ఆడపిల్లలకి అంకితం ఇచ్చింది. వంటింట్లో పక్కన ఎవరూ లేనివాళ్ళకి ఎవరో పంపిన ఉత్తరంలాంటిది ఆ అంకె.

కాగితానికి అందని చేతులు

ఇంత చెప్పాక రెండో వైపు కూడా చెప్పాలి. 1866లో మిచిగన్‌లో మలిండా రసెల్ అనే నల్లజాతి స్త్రీ ఒక చిన్న వంట పుస్తకం అచ్చు వేయించింది. మనకి తెలిసినంతలో ఆఫ్రికన్ అమెరికన్ స్త్రీ రాసిన మొదటి వంట పుస్తకం అదే. టెనెసీలో ఆమెకి కేకులూ పేస్ట్రీలూ చేసే దుకాణం ఉండేది. అంతర్యుద్ధం రోజుల్లో దోపిడీకి గురై ఉత్తరానికి పారిపోయింది. తిరిగి వెళ్ళడానికి డబ్బు కోసం పుస్తకం వేస్తున్నానని రాసుకుంది. అందులో ఎక్కువ భాగం కేకులు, తీపి వంటలే. చాలావాటికి సరుకులూ కొలతలూ తప్ప ఎలా చెయ్యాలో లేదు. అప్పటి పుస్తకాల పద్ధతీ అదే, చేసేవాళ్ళకి తెలుసు కదా అని. ఇప్పుడు ఆ పుస్తకం ఒక్క ప్రతే మిగిలింది, మిచిగన్ విశ్వవిద్యాలయంలో ఉంది. బానిసగా పుట్టిన అబీ ఫిషర్ 1881లో శాన్ ఫ్రాన్సిస్కోలో పుస్తకం వేసేనాటికి ఆమెకి చదవడం, రాయడం రాదు. ఆమె నోటితో చెబితే వేరేవాళ్ళు రాశారు. ఆ కాలంలో ఇలా కాగితం దాకా రాగలిగిన చేతులు ఎన్నో లేవు.

మన దేశంలో కేక్ చరిత్ర పుస్తకంతో సంబంధం లేకుండానే మొదలైంది. కేరళలోని తలశ్శేరిలో మాంబళ్ళి బాపు 1880లో బిస్కట్ల కార్ఖానా పెట్టాడు. 1883లో మర్డోక్ బ్రౌన్ అనే తోటల దొర ఇంగ్లండ్ నుంచి తెచ్చిన ప్లమ్ కేక్ ఆయనకి ఇచ్చి, క్రిస్మస్‌కి ఇలాంటిది చెయ్యమన్నాడని చెబుతారు. బాపు రుచి చూసి, అచ్చు కోసం కమ్మరి దగ్గరికి వెళ్ళి, స్థానికంగా దొరికే సారా వాడి చేశాడట. బ్రౌన్ మెచ్చుకుని డజను కేకులు ఆర్డరిచ్చాడట. కుటుంబం చెప్పుకునే కథ కాబట్టి కొంత తీపి ఎక్కువే ఉండొచ్చు. కానీ నాలుక మీద పెట్టుకుని లోపల ఏముందో విప్పి చూడటం, మా వృత్తిలో రివర్స్ ఇంజనీరింగ్ అంటాం, అది నమ్మగలిగిన విషయమే.

అమ్మ కేక్ కూడా కేరళ నుంచే వచ్చింది, చుట్టు తిరిగి. పెళ్ళయ్యాక నాన్న ఉద్యోగం భిలాయి ఉక్కు కర్మాగారంలో. అక్కడ పక్క క్వార్టర్లో ఒక మలయాళీ ఆంటీ ఉండేది. ఆవిడ వచ్చీరాని హిందీలో చెబుతుంటే అమ్మ వచ్చీరాని హిందీలో విని, తెలుగులో రాసుకుంది. ఆ ఆరు లైన్లు అవే. పుట్టింటి నుంచి అమ్మ భిలాయికి తీసుకెళ్ళిన పెట్టెలో మాలతీ చందూర్ 'వంటలు-పిండివంటలు' కూడా ఉండేదని పెద్దమ్మ అంటుంది. ఇరవై రెండేళ్ళ పిల్ల, చుట్టూ ఎవరి భాషా తెలియని ఊళ్ళో, పక్కన అమ్మ లేకుండా, పుస్తకం చూసి సాంబారు పెట్టుకుంది. నాకంటే ముందే అమ్మ ఆ పరిస్థితిలో ఉందని నాకు ఎప్పుడూ తట్టలేదు.

సొట్ట దాకా

సంక్రాంతికి కాకినాడ వెళ్ళినప్పుడు నోట్‌బుక్కూ, తక్కెడా రెండూ బ్యాగులో పెట్టుకున్నాను. అమ్మ వేసవి సెలవులకి వచ్చినప్పుడల్లా కేక్ చేసింది పెద్దమ్మ వంటింట్లోనే.

తక్కెడ చూసి పెద్దమ్మ పకపకా నవ్వింది. "ఏంట్రా నాన్నా, వంటింట్లో బంగారం తూస్తావా?"

ఆరు లైన్లూ చదివి వినిపించాను. మొదటి లైను దగ్గరే ఆపింది. "గ్లాసు కాదురా. అంటే గ్లాసే, కానీ నిండుగా కాదు. దానికి పైన సొట్ట ఉండేది. మీ అమ్మ ఆ సొట్ట దాకా పోసేది."

"అది రాయలేదేం పెద్దమ్మా?"

"తన గ్లాసు, తన సొట్ట. ఎవరికోసం రాస్తుంది?"

వెన్న దగ్గర మళ్ళీ ఆపింది. వెన్న అంటే ఇంట్లో చిలికిన వెన్న. అప్పుడు ఇంట్లో గేదె ఉండేది. పెరుగు చిలికి పైకి తేలిన ముద్ద తీసి, కడక్కుండా అలాగే వేసేది. పిండి గట్టిగా ఉంటే ఆ మజ్జిగే గరిటెడు పోసేది. నేను వేసింది బజారులో దొరికే ప్యాకెట్ వెన్న, అందులో చెప్పుకోదగ్గ పులుపు లేదు. సోడాకి కావలసిన పులుపు ఇన్నాళ్ళూ ఆ మజ్జిగలో ఉంది. నోట్‌బుక్‌లో మజ్జిగ మాటే లేదు, ఎందుకంటే అది వెన్న గిన్నెలోనే పక్కన ఉండేది.

తర్వాత గంటసేపు మేమిద్దరం తూకం వేశాం. తక్కెడ మీద గిన్నె పెట్టి అంకెని సున్నా చేస్తే, పెద్దమ్మ కళ్ళతో కొలిచి ఇంకో గ్లాసులోంచి మైదా పోసింది. గ్లాసున్నర మూడుసార్లు పోయించాను. 188, 194, 185. నా కప్పు రెండుసార్లకే ఇరవై ఏడు గ్రాములు తప్పింది. డెబ్భై ఒక్కేళ్ళ చెయ్యి మూడుసార్లకి తప్పింది తొమ్మిది గ్రాములు. చిటికెడు సోడా అర టీస్పూను కంటే కాస్త తక్కువ వచ్చింది. మజ్జిగ గరిటెడు 60 గ్రాములు.

ఆ సాయంత్రం పాత కుక్కర్‌కి గాస్కెట్, వెయిట్ తీసేసి, అడుగున ఇసుక పోసి చేశాం. 'అయ్యేదాకా' అన్న చోట నేను ఫోన్లో టైమర్ పెట్టాను, పెద్దమ్మ వాసన కోసం చూసింది. ఆవిడ, అయింది దింపు, అన్నప్పుడు నా టైమర్ 41 నిమిషాల దగ్గర ఉంది. పుల్ల గుచ్చి చూస్తే పొడిగా వచ్చింది. ఆ మాటకొస్తే 'కేక్ బైబిల్' కూడా నిమిషాలు ఇచ్చాక, మధ్యలో గుచ్చిన పుల్ల పొడిగా రావాలంటుంది. అన్ని గ్రాములు తూచిన పుస్తకం కూడా చివరి నిమిషంలో చేసేవాళ్ళ కంటికే వదిలేస్తుంది.

కేక్ అచ్చం అమ్మ కేక్‌లానే వచ్చిందా అంటే చెప్పలేను. గేదె లేదు, ఆ గ్లాసూ లేదు. పెద్దమ్మ ఒక ముక్క తిని, పంచదార కాస్త తక్కువైంది, అంది. నాకు మాత్రం అడుగున మాడిన చోట ఇసుక వేడి వాసన తగిలి, కాసేపు మాట రాలేదు.

హైదరాబాద్ తిరిగొచ్చాక నోట్‌బుక్ తీశాను. అమ్మ నీలం సిరా మీద నేను రాయలేదు. పాలవాడి లెక్క కింద కాస్త ఖాళీ ఉంటే అక్కడ పెన్సిల్‌తో రాశాను. మైదా 190 గ్రాములు. మజ్జిగ 60 గ్రాములు, పుల్లటిది. సోడా అర టీస్పూనుకి కాస్త తక్కువ. సన్న సెగ, సుమారు 41 నిమిషాలు. పంచదార పెద్దమ్మ చెప్పినట్టు పది గ్రాములు పెంచాలి. కింద తారీకు, కాకినాడ అని వేశాను.

మా పాపకి ఇప్పుడు నాలుగేళ్ళు. తనకి కేక్ చెయ్యాలనిపించే రోజున పక్కన నేను ఉంటే నోట్‌బుక్‌తో పనుండదు.